చెప్పకుండా ఆగే సెల్లు

ఉలిగమ్మ ధర్మవరంలో పోగులు అతుకుతుంది.

మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తుంది. అయిపోతోంది కదా అని దాన్ని కోసి పారేయరు. పాత పడుగు కొసలు అలాగే ఉంచి, కొత్త పడుగు పోగులను వాటికి ఒక్కొక్కటిగా మెలిపెడతారు. వేలికి కాస్త బూడిద అద్దుకోవాలి. పాత పోగు, కొత్త పోగు, ఒక మెలిక. మళ్ళీ పాత పోగు, కొత్త పోగు. ఒక పూట గడిచిపోతుంది. ఆ తర్వాత ఒకదాన్ని ఒకటి లాక్కుంటూ రెండూ మగ్గంలోకి వెళ్ళిపోతాయి.

ఏ ఇంట్లో పడుగు అయిపోతే ఆ ఇంటికి ఆమెను పిలుస్తారు. ఆమె కుదురుగా కూర్చునేది పడుగు ముందర మాత్రమే. మిగతా వేళల్లో ఇంట్లోకీ వీధిలోకీ తిరుగుతూనే ఉంటుంది. కడిగిన గిన్నె మళ్ళీ కడుగుతుంది. గడియ పెట్టి వచ్చి, పెట్టానో లేదో అని మళ్ళీ వెళ్ళి చూస్తుంది.

అతికే పనికి చెవులు అక్కర్లేదు. అందుకే చెవులు పోతున్నాయని చాలాకాలం తెలియలేదు. మొదట కుక్కర్ కూతలు పోయాయి. తర్వాత వెనకనుంచి పిలిచే మాటలు. తర్వాత ఎదురుగా నిలబడి చెప్పే మాటల్లో సగం. ఆ సగం పోయిన చోట ఆమె తల ఊపడం నేర్చుకుంది. ఎక్కడ నవ్వాలో ఎదుటివాళ్ళ ముఖం చెప్పేది. ఎక్కడ అయ్యో అనాలో కూడా ముఖమే చెప్పేది. ఎవరూ కనిపెట్టలేదనుకుంది.

హిందూపురంలో ఉచిత శిబిరం పెట్టినప్పుడు ఆమె మగడు గంగాధర తీసుకెళ్ళాడు. చెవి మిషను ఇచ్చారు. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది. దానికొక తీగ. తీగ చివర చెవిలో పెట్టుకునే బిళ్ళ. లోపల ఒక పెన్సిల్ సెల్లు. ఆమె దానికి చిన్న గుడ్డసంచి కుట్టి, నల్లదారంతో మెడలో కట్టుకుంది. సంచి రవిక లోపల ఉంటుంది. తీగను జడ కిందనుంచి తిప్పి కొంగు కప్పుకుంటుంది.

సెల్లు తొందరగా తినేస్తుంది ఆ మిషను. అందుకని ఆమె వినడంలో పొదుపు మొదలుపెట్టింది. పని చేసేటప్పుడు ఆపేస్తుంది. అన్నం తినేటప్పుడు ఆపేస్తుంది. ఎవరి పెదవులైనా కదిలితే చెయ్యి సంచిలోకి పోతుంది, మిషను అంచున ఉన్న చిన్న చక్రం తిప్పుతుంది. అది తిరిగేలోగా మాట సగం అయిపోయి ఉంటుంది. ఆ సగానికి మళ్ళీ తల ఊపుతుంది.

మామూలు సెల్లుకు ఒక మర్యాద ఉంది. అది చెప్పి పోతుంది. ముందు గొంతులు పలచబడతాయి. తర్వాత మనుషులు పక్కింట్లోంచి మాట్లాడుతున్నట్టుంటుంది. అప్పుడు కొత్తది తెచ్చుకునే వ్యవధి ఉంటుంది. పాతదాన్ని గోడ గడియారంలో వేస్తుంది. గడియారం కూడా దాన్ని వదిలేస్తే ఎండలో ఆరబెట్టి, రిమోటులో వేయడానికి పనికొస్తుందేమోనని చూస్తుంది. ఆ ఇంట్లో ఏదీ ఒక్కసారిగా చావదు.

కూతురు సాయిసుధను పెనుకొండలో ఇచ్చారు. తొలి చూలు. ఏడో నెల నడుస్తోంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. ఉలిగమ్మ పాత చీరలు ఉతికి మెత్తగా చేసి మడతపెట్టింది. మడతలు విప్పి మళ్ళీ పెట్టింది.

ఒకరోజు గంగాధర మగ్గం గుంతలోంచి కాళ్ళు పైకి తీసుకుని, ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆమె చక్రం తిప్పింది.

"అల్లుడు ఫోన్ చేసినాడు" అన్నాడు.

"ఏమంట?"

"మీ వదిన అంటాందంట, కాన్పు ఆడనే పెట్టుకుంటామని."

"ఏ వదిన?"

"ఎంతమంది వదినలుండారు నీకు? సుధ అత్త. రామలక్ష్మమ్మ."

"ఎందుకంట?"

గంగాధర నోరు తెరిచి మూశాడు. తర్వాత గట్టిగా, వీధికి కూడా వినిపించేలా చెప్పాడు. "రేత్తిరి నొప్పులొచ్చి పిల్ల అమ్మా అంటే లేసేదెవరు అనిందంట!"

"నువ్వు లేవవా?"

"నేను లేస్తా."

"నువ్వా! పక్కన పిడుగు పడినా దుప్పటి సర్దుకుని పడుకుంటావు."

"సరే, నేనూ లేయను. దానికే ఆమె అట్ల అనింది." అతను మళ్ళీ గుంతలోకి దిగాడు.

ఆ రోజు ఉలిగమ్మకు పోగులు అతకలేదు. మెలిక వేసిన చోటే మళ్ళీ వేసింది. పిల్లను ఆ ఇంట్లో వదిలి, ఇక్కడ తను ఎవరింటి పడుగో అతుకుతూ కూర్చోవడం ఆమెకు ఊహలోకి రాలేదు. మిషను ఎప్పుడూ ఆగకుండా ఉండాలి. పగలూ రాత్రీ. ఆమెకు తోచింది అదొక్కటే. మర్నాడు హిందూపురం రైలెక్కింది.

హిందూపురంలో చంద్రమోహన్‌ది చిన్న కరెంటు సామాన్ల అంగడి. మిషను తీగ తెగినప్పుడల్లా అతనే అతికిస్తాడు.

"ఏమక్కా, మల్ల తెంపుకున్యావా?"

"తీగ బాగుండాది. సెల్లే నిలబడల్యా అబ్బా. ఆపకుండా పెట్టుకోవల్ల. ఎంత పెద్ద సెల్లయితే అంత పెద్దది ఇయ్యి."

"పెద్ద సెల్లు దీంట్లో పట్టదు. పొద్దస్తమానం కొత్తవి కొంటే దుడ్లన్నీ నాకే ఇచ్చిపోతావు. ఛార్జింగు సెల్లు తీస్కో. ఫోన్ మాదిరి ఛార్జింగు పెట్టుకోవడమే."

అతను రెండు రకాలు గాజుబల్ల మీద పెట్టాడు. ఒకటి మెరిసే బంగారు కాగితంలో ఉంది. దాని మీద పట్టే కరెంటు లెక్క అయిదు వేలు అని పెద్దగా రాసి ఉంది. రెండోది తెల్లది. దాని మీద రెండు వేలు. ఉలిగమ్మ చెయ్యి బంగారుదాని మీదికి పోయింది.

"అది ముట్టుకోవద్దు. అన్నీ అబద్ధాలు. ఇంతుండే దాంట్లో అంత కరెంటు పడతాదా? గిరాకీ వాళ్ళు అడుగుతారని పెట్టుకున్యా."

"అబద్ధమని తెలిసే అమ్ముతాండావా?"

"నీకు అమ్మడంల్యా కదక్కా." అతను తెల్లవి రెండు తీశాడు. "ఇవి తీస్కపో. ఇంట్లో ఊరికే పడున్యా దీంట్లో కరెంటు కారిపోదు. మామూలు ఛార్జింగు సెల్లయితే పెట్టెలో పెట్టి నెల మరిస్తే ఖాళీ. ఒకటి మిషనులో ఉంటే ఒకటి ఛార్జింగులో ఉంటాది. నిదానంగా ఎక్కే ఛార్జరు ఇస్తా. తొందరగా ఎక్కేదాంట్లో పెడితే సెల్లు ఉడికిపోతాది."

ఉలిగమ్మకు ఇదంతా వినిపించింది. సంతోషంగా వింది. అతను మాట్లాడుతూనే ఆమె చేతిలోంచి మిషను తీసుకున్నాడు. మూత తెరిచాడు. పాత సెల్లు తీసి బల్ల మీద పెట్టాడు. కొత్తది ఇంకా అట్టలోంచి ఊడలేదు. గోరుతో పీకుతూ, ఆమె ముఖంలోకి చూస్తూ, అతను చెప్పుకుంటూ పోయాడు.

మామూలు సెల్లుతో దీన్ని కలిపి వాడొద్దన్నాడు. రెండు సెల్లులు పట్టే టార్చిలో వేస్తే రెండూ ఛార్జింగువే వేయాలి, రెండూ ఒకేసారి నింపినవే వేయాలి అన్నాడు. ఇది చివరిదాకా ఒకే గొంతుతో వినిపించి, చివర్న చెప్పకుండా ఆగిపోతుంది, కాబట్టి ఆగేదాకా చూడకుండా రోజూ పొద్దున్నే మార్చుకోమన్నాడు. ఎండలో పెట్టొద్దన్నాడు.

సెల్లు లేని మిషను తీగ ఆమె చెవిలోనే ఉంది. ఆమె తల ఊపింది. అతను నవ్వితే నవ్వింది. చివరి మాటకు "అట్లనే లే అబ్బా" అని కూడా అంది.

తర్వాత అతను కొత్త సెల్లు వేశాడు. అంగడి ముందు పోయే ఆటో హారను ఆమె తలలో మోగింది.

ఇంటికి వచ్చాక ఉలిగమ్మకు నిలకడ లేకుండా పోయింది. ఛార్జరు పెట్టేందుకు ఇంట్లో ఒకటే ప్లగ్గు ఖాళీగా ఉంది, మగ్గం పక్కన. ఎర్రలైటు వెలుగుతోందా అని చూసి వస్తుంది. వంటింట్లోకి పోయి, మళ్ళీ వస్తుంది. సెల్లు మీద వేలు పెట్టి వెచ్చగా ఉందని భయపడి తీసేస్తుంది. తీసేశాను కదా అని బాధపడి మళ్ళీ పెడుతుంది. కరెంటు పోతే గుమ్మంలోకి వచ్చి, వీధిలో అందరికీ పోయిందా తన ఇంట్లోనే పోయిందా అని చూస్తుంది.

"బిడ్డ కాన్పు కాకముందే నువ్వు ఆ లైటుకు కాన్పు చేస్తాండావు" అన్నాడు గంగాధర.

మిషను ఇప్పుడు ఆగడం లేదు. ఆ శబ్దం ఆమెను ఇంకా కదిలించింది. మగ్గం దెబ్బ, గిన్నెల మోత, పక్కింటి టీవీ, తన గాజులు. ఇన్నేళ్ళు గాజులు ఇంత గోల చేస్తున్నాయా అని వాటిని పైకి తోసుకుంది. గొంతులు పలచబడతాయేమోనని ఎదురుచూస్తూ ఉండేది. పలచబడలేదు. ఒక మధ్యాహ్నం గంగాధర ఏదో చెబుతూ ఉంటే, మాట మధ్యలో గోడ పడినట్టు అంతా ఆగిపోయింది. అతని పెదవులు ఆడుతూనే ఉన్నాయి. ఆమె మిషను మూత తెరిచింది. రెండో సెల్లు వేసుకుంది. ఆగిపోయినదాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. నిండుగా మాట్లాడిన సెల్లు. దీంట్లో ఇంకా ఏదో మిగిలే ఉంటుంది. ఒక్కసారిగా ఎలా అయిపోతుంది?

పెరట్లోకి తీసుకెళ్ళే టార్చిలో రెండు సెల్లులు పడతాయి. అందులో ఒకటి కొత్త మామూలుది. రెండోది మెత్తబడి పోయింది. ఆ మెత్తబడినదాన్ని తీసేసి, దాని చోట ఈ ఆగిపోయిన ఛార్జింగు సెల్లు వేసింది. కొత్తదాని పక్కన పెడితే అది దీన్ని లాక్కుంటూ పోతుందనుకుంది. ఆమె చేతులకు తెలిసిన పని అదే.

టార్చి వెలిగింది. ఆమెకు తృప్తి కలిగింది. ఒక వారం పైనే దానితో పెరట్లోకి తిరిగింది; మిషనుకు రెండో సెల్లునే రాత్రిళ్ళు నింపుకుంది.

ఖాళీ అయిన సెల్లును నిండుదానితో జంట కట్టి పని చేయిస్తే, నిండుది దాన్ని లాక్కుపోదు. దాని లోపల ఉండాల్సినదాన్ని తిరగేసి తోస్తుంది. ఆ దెబ్బ పైకి కనిపించదు. తెల్ల రంగు తెల్లగానే ఉంటుంది.

పెనుకొండకు వెళ్ళాల్సిన రోజు దగ్గరపడింది. పిల్లను అడిగి తెచ్చుకోవాలి. ఉలిగమ్మ టార్చిలోంచి సెల్లు తీసి ఛార్జరులో పెట్టింది. ఎప్పుడూ రాత్రంతా పట్టేది. ఈసారి అన్నం వార్చేలోగా నిండిందని పచ్చలైటు వచ్చింది.

"చూసినావా, ఎంత తొందరగా ఎక్కిందో" అంది గంగాధరతో. "విశ్రాంతి ఇచ్చినా కదా, దానికే."

ఆ సెల్లునే మిషనులో వేసుకుంది. రెండోది కొంగున ముడివేసుకుంది. రైల్లో చక్రం ఆపేసి కూర్చుంది. పెనుకొండలో దిగి, ఆటో ఎక్కి, వియ్యపురాలి ఇంటి మలుపులో చక్రం తిప్పింది.

రామలక్ష్మమ్మ గుమ్మంలోనే ఎదురైంది. పెద్ద మనిషి, పెద్ద గొంతు. వాళ్ళ సరుకుల కొట్టు కూడా తనే చూసుకుంటుంది. "రా వదినా. ఒక్కదానివే వచ్చినావా? మా అన్న యాడ?"

"మగ్గం మీద చీర ఉండాది. అర్జంటంట." ఉలిగమ్మ ప్రతి మాటా విని ప్రతి మాటకూ జవాబు చెప్పింది. లోపల సాయిసుధ మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఉలిగమ్మ వాటిని వేలితో నొక్కి చూసింది.

"చెవి బాగా పని చేస్తాండాదే మా!" అంది సాయిసుధ. "నేను మెల్లగానే మాట్లాడతాండా, అంతా ఇంటాండావు."

"ఇంటా. ఇప్పుడు అన్నీ ఇంటా." ఆ మాట రామలక్ష్మమ్మకు తగలాలనే గట్టిగా అంది.

రామలక్ష్మమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది. కొంగుతో మెడ తుడుచుకుంది. "వదినా, నీతో ఒక మాట చెప్పల్ల. నువ్వు తప్పుగా అనుకోవద్దు. నేను ఎందుకు అంటాండానంటే..."

అంతే. గోడ పడింది.

రామలక్ష్మమ్మ పెదవులు కదులుతున్నాయి. చెయ్యి ఒకసారి సాయిసుధ వైపు, ఒకసారి గుమ్మం వైపు పోయింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి, విడిపోయాయి. సాయిసుధ ఏదో అడ్డం చెప్పబోయి ఆగిపోయింది. ఉలిగమ్మ చెయ్యి సంచిలోకి పోయి చక్రాన్ని చివరిదాకా తిప్పింది. ఏమీ లేదు. ఇంత తొందరగా ఆగదు. ఇంకా రోజంతా ఉండాలి. పచ్చలైటు వచ్చింది కదా.

ఇప్పుడు కొంగు ముడి విప్పితే, వినపడలేదని ఒప్పుకున్నట్టే. అన్నీ వింటానని ఇప్పుడే అంది. రామలక్ష్మమ్మ మాట ముగిసింది. ఆమె ఉలిగమ్మ ముఖంలోకి చూస్తూ ఆగింది. జవాబు కావాలి. ఉలిగమ్మ మెడ అలవాటుగా ముందుకు వంగడం మొదలైంది.

వంగుతున్న మెడను ఆమె ఆపింది. అది సులువుగా లేదు.

"ఆగు వదినా" అంది. తన గొంతు తనకు వినపడలేదు, ఎంత గట్టిగా వచ్చిందో తెలియలేదు. "నాకు ఇనపడల్యా. సెల్లు ఆగిపోయింది."

ముడి విప్పేటప్పుడు వేళ్ళు తడబడ్డాయి. వెంట్రుకంత పట్టుపోగును చూడకుండానే మెలిపెట్టే వేళ్ళు. మిషనులోంచి పాతది తీసింది. కొంగులోది జారింది. పట్టుకోబోతే చేతిలోది కూడా జారింది. రెండూ మంచం కిందికి దొర్లిపోయాయి. సాయిసుధ వంగబోయింది. ఉలిగమ్మా రామలక్ష్మమ్మా ఒకేసారి ఆమె భుజాలు పట్టి ఆపారు. రామలక్ష్మమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, తల మంచం కిందికి పెట్టి, చీపురుపుల్లతో రెండింటినీ ఇవతలికి లాగింది. అరచేతిలో రెండూ చూపించి ఏదో అడిగింది. ఏది చచ్చింది, ఏది బతికుంది అని అడుగుతున్నట్టు ఆ ముఖమే చెబుతోంది.

రెండూ తెల్లవే. రెండూ ఒకటే.

ఉలిగమ్మ ఒకటి వేసింది. నిశ్శబ్దం. తల అడ్డంగా ఊపింది. రామలక్ష్మమ్మ రెండోది తనే వేయబోయి తిరగేసి వేసింది. ఉలిగమ్మ తీసి సరిగా పెట్టింది. చెవిలో చిన్న ఈల, తర్వాత ఫ్యాను చప్పుడు, తర్వాత రామలక్ష్మమ్మ ఆయాసం.

"ఇప్పుడు చెప్పు" అంది ఉలిగమ్మ.

రామలక్ష్మమ్మ మోకాళ్ళు దులుపుకుంది. "ఏం లేదులే వదినా."

చెవులు పోయినప్పటినుంచి ఉలిగమ్మ ఎక్కువగా విన్న మాట అది. మళ్ళీ అడిగితే అందరూ అనేది అదే. గంగాధర అంటాడు. అంగళ్ళలో అంటారు. కూతురు కూడా అంది, పెళ్ళికి ముందు.

"ఏం లేదు అనొద్దు. అంతసేపు చెప్పినావు కదా. మొదట్నుంచి చెప్పు. నాకు కోపం వచ్చేదయినా సరే."

రామలక్ష్మమ్మ కోడలి వైపు చూసింది. కోడలు కిటికీలోంచి బయటికి చూసింది.

"కాన్పు ఈడనే పెట్టుకుంటా అన్యా. నువ్వు సరే అంటావా అని అడిగినా."

"ఎందుకు? నాకు ఇనపడదనా?"

"ఇనపడకపోతే ఏమి వదినా, మా అవ్వకు కూడా ఇనపడేది కాదు, పదిమందికి పురుడు పోసింది. రేత్తిరి లేసేదెవరు అన్యా గానీ, అసలు దానిక్కాదు." రామలక్ష్మమ్మ కుర్చీలో ఇంకా ముందుకు జరిగింది. "పోయిన తూరి వచ్చినావే, అప్పుడు చెప్పినా నీకు. పిల్లకు రక్తం తక్కువుండాది, డాక్టరమ్మ భయపడతాంది అని. నువ్వు ఏం చేసినావో తెల్సా? తల ఊపి నవ్వినావు."

ఉలిగమ్మ కూతురి ఉబ్బిన పాదాల వైపు చూసింది.

"బిడ్డకు రక్తం లేదంటే నవ్వే తల్లి ఉంటాదా అనుకున్యా. తర్వాత తెలిసింది, నీకు అందల్యా అని. ఇంగ ఏం చెప్పినా అట్లనే. అన్నిటికీ ఊఁ ఊఁ. నొప్పులొచ్చి డాక్టరమ్మ నీకు ఏమన్నా చెప్తే, నువ్వు తల ఊపి వచ్చేస్తే? నాకు నిద్ర పట్టడంల్యా."

"నాకు రక్తం సంగతి తెలీదు" అంది ఉలిగమ్మ.

"తెలీదని అప్పుడే అనుంటే అయిపోయేది కదా!"

"సిగ్గయింది."

ఫ్యాను తిరుగుతోంది. సాయిసుధ కళ్ళు తుడుచుకుంది, తుడుచుకున్నట్టు కనబడకుండా.

"ఈ సెల్లు ఎట్ల చచ్చిందో నాకు తెలీదు" అంది ఉలిగమ్మ మళ్ళీ. తెలీదు అనే మాట రెండోసారి అనడం మొదటిసారికంటే తేలికగా ఉంది. "హిందూపురం అంగడాయన ఏదో చెప్పినాడు. నాకు ఇనపడల్యా, తల ఊపినా. రేపు పోయి మల్ల అడుగుతా. ఇంకా రెండు తీసుకుంటా. ఆగినా ఆగకపోయినా దినామూ మారుస్తా. రేత్తిరి ఆగిపోతే మాత్రం నాకు ఇనపడదు. అది నిజమే. పిల్ల పక్కలోనే పడుకుంటా. పిల్చేది ఇనపడకపోతే..."

"పిలవనులే మా" అంది సాయిసుధ. "కాలితో ఒక్క తన్ను తంతా, లేస్తావు."

"తల్లిని తంతాదంట! ఇంత కడుపుతో!" రామలక్ష్మమ్మ కోడలి తొడ మీద ఒకటి వేసింది. తర్వాత కుర్చీలో వెనక్కి జరిగింది. ఆమెకు ఇంకా ఇష్టంగా లేదు. అది ఆమె ముఖంలో కనబడుతూనే ఉంది.

"శ్రీమంతం అయినంక తీస్కపో" అంది చివరికి. "కానీ ఒక మాట. నేను దినామూ ఫోన్ చేస్తా. నీకే చేస్తా, పిల్లకు కాదు. నేను చెప్పింది నువ్వు మల్ల నాకు చెప్పల్ల. ఊఁ అంటే ఒప్పుకోను."

"చెప్తా."

"ఇప్పుడు చెప్తాండా, ఇను. రక్తం మాత్ర మధ్యాన్నం అన్నం తిన్యాక. టీతో కాదు, పాలతో కాదు, ఒట్టి నీళ్ళతో. కాళ్ళ వాపు ముఖానికి వస్తే ఆ పొద్దే ఆసుపత్రికి. తలనొప్పి అన్యా, కండ్లు మసకలన్యా అంతే. చెప్పు."

ఉలిగమ్మ మంచం అంచున కూర్చుంది. కూతురి పాదం ఒళ్ళో పెట్టుకుంది.

"రక్తం మాత్ర మధ్యాన్నం" అంది. "అన్నం తిన్యాక. పాలతో."

"పాలతో కాదు!"

"పాలతో కాదు. ఒట్టి నీళ్ళతో. తర్వాత ఏమంటివి? మల్ల చెప్పు."

రామలక్ష్మమ్మ మళ్ళీ మొదటినుంచి చెప్పింది.